మొత్తం లెక్కలో మునిగిన తీరం

సముద్రాన్ని నమ్ముకుని నడిచే ఏ పరిశ్రమైనా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసిందే: సముద్రం నుంచి ఎంత తీసుకుంటోంది, సముద్రంలోకి ఏమి వదులుతోంది. ఈ రెండింటికీ ఏటేటా అంకెలతో జవాబు రాసి బయటపెట్టడాన్నే సుస్థిరత నివేదిక అంటున్నారు. భూమిని వేడెక్కించే వాయువులను ఆ పరిశ్రమ ఎంత విడుదల చేసింది, మారుతున్న వాతావరణం వల్ల దానికి రాబోయే చిక్కులేమిటి అన్నది చెప్పే భాగం వాతావరణ నివేదిక. విశాఖపట్నానికి దక్షిణాన, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో భాగమైన పరవాడ మండలంలో, ఒకవైపు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, మరోవైపు జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ, వాటికి దిగువన ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం వంటి మత్స్యకార పల్లెలు ఒకే తీరాన్ని పంచుకుని ఉన్నాయి కాబట్టి, ఇటువంటి నివేదికలు ఎవరికి ఏమి చెబుతున్నాయో పరీక్షించి చూడడానికి ఇంతకంటే తగిన చోటు మరొకటి దొరకదు. ఆ పరీక్షకు కావలసిన కొలబద్ద మాత్రం వేల కిలోమీటర్ల అవతల, అంటార్కిటికాను చుట్టుకుని ఉన్న దక్షిణ మహాసముద్రంలో, క్రిల్ అనే చిన్న ప్రాణి వేటలో ఉంది.

క్రిల్ చూపుకు రొయ్యలా ఉంటుంది గాని రొయ్య జాతికి చెందినది కాదు. విశాఖ సంతల్లో అమ్మే రొయ్యపొట్టును ఎరిగినవారికి దాని రూపాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. ఆ పొట్టు కంటే క్రిల్ పెద్దది, చిటికెన వేలంత పొడవు వరకు, సుమారు 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 2 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. బతికి ఉన్నప్పుడు దాని ఒళ్లు గాజులా పారదర్శకంగా ఉండి, మేసిన నాచు ఆకుపచ్చగా లోపల కనిపిస్తుంది, కళ్లు నల్లటి మిరియపు గింజల్లా పొడుచుకుని వస్తాయి. తిమింగలాలు, సీళ్లు, పెంగ్విన్లు, చేపలు, సముద్రపు పక్షులు అన్నీ దీన్ని తిని బతికేవే. క్రిల్ పైపైన నాచును మేసి లోతుకు దిగి విసర్జించే మలం బరువుగా అడుగుకు జారిపోతుంది గనుక, గాలిలోంచి నాచు పీల్చుకున్న కార్బన్ కూడా దానితోపాటు సముద్రగర్భానికి చేరి దీర్ఘకాలం అక్కడే ఉండిపోతుంది. ఈ విధంగా ఏటా సుమారు 2 కోట్ల టన్నుల కార్బన్ లోతుకు చేరుతున్నదని 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. చలికాలంలో క్రిల్ పిల్లలు సముద్రపు మంచు అడుగున అంటుకుని ఉండే నాచును గీకి తిని బతుకుతాయి. ఆ మంచు 2023 ఫిబ్రవరిలో, ఉపగ్రహాలతో కొలవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయింది.

వలలో పడి చనిపోయిన కొద్ది గంటలకే క్రిల్ కడుపులోని జీర్ణరసాలు దాని ఒంటినే కరిగించడం మొదలుపెడతాయి కాబట్టి దాన్ని రేవుకు తెచ్చి అమ్మడం సాధ్యం కాదు. పట్టిన ఓడ మీదనే ఉడికించి, ఎండబెట్టి, పిండి చేసే కర్మాగారం ఉండాలి. ఆ ఓడ నెలల తరబడి మంచు సముద్రంలో ఇంధనం మండిస్తూ ఉండాలి. దాని సరుకును ఒడ్డుకు చేర్చడానికి మరో ఓడ తిరగాలి. క్రిల్ పరిశ్రమలో వాతావరణ నివేదికకు ప్రాముఖ్యం రావడానికి ఈ ప్రాణి శరీరధర్మమే ఒక కారణమని చెప్పవచ్చు.

ఈ వేటను అదుపు చేయడానికి 1980లో కుదిరి 1982లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఒకటి ఉంది. దాన్ని నడిపించే అంటార్కిటిక్ సముద్రజీవ వనరుల పరిరక్షణ సంఘం ఆస్ట్రేలియాలోని హోబార్ట్ కేంద్రంగా పనిచేస్తుంది, భారతదేశం 1986 నుంచి అందులో సభ్యురాలు. 1995-96లో సాగర్ సంపద అనే పరిశోధక నౌక భారతదేశపు తొలి క్రిల్ యాత్రను జరిపి వచ్చింది; అయినా వ్యాపారం కోసం క్రిల్ పట్టే దేశాల వరసలో నార్వే, చైనా, దక్షిణ కొరియా, చిలీ, ఉక్రెయిన్ ఉన్నాయి గాని భారతదేశం లేదు.

ఆ సంఘం లెక్కలు చూసినవారికి మొదట కలిగేది నిశ్చింతే. నైరుతి అట్లాంటిక్‌లో 48వ ప్రాంతమని పిలిచే విశాలమైన నీటిలో 2019లో శబ్దతరంగాల సాయంతో జరిపిన సర్వే 6 కోట్ల 26 లక్షల టన్నుల క్రిల్ ఉన్నట్టు అంచనా కట్టగా, వేటకు పెట్టిన హద్దు 6 లక్షల 20 వేల టన్నులు మాత్రమే, అంటే నూటికి ఒక వంతు. నూటికి తొంభైతొమ్మిది వంతులు సముద్రంలోనే ఉన్నప్పుడు పెంగ్విన్‌కు లోటేమిటి అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. లోటు ఎక్కడుందంటే, పిల్లలను సాకుతున్న పెంగ్విన్ 48వ ప్రాంతమంతటా తిరిగి మేత వెతకలేదు. గూటికి దగ్గరలో ఉన్న నీటిలో దొరికినదే దానికి ఆహారం. ఓడలకు కూడా క్రిల్ దట్టంగా దొరికేది ఆ తీరం దాపునే. మొత్తం మీద నూటికి ఒక వంతు అనిపించుకున్న వేట, ఒక గూటి ముందరి నీటిలో, ఒక నెలలో ఎన్ని వంతులవుతుందో మొత్తం లెక్క చెప్పదు.

ఈ సంగతి గ్రహించే, 2009లో ఆ హద్దును ఉపప్రాంతాలుగా పంచారు. పెంగ్విన్ల, తిమింగలాల సాంద్రత ఎక్కువగా ఉన్న అంటార్కిటిక్ ద్వీపకల్పపు ఉపప్రాంతంలో మొత్తం హద్దులో నాలుగో వంతు, అంటే 1 లక్షా 55 వేల టన్నులకు మించి పట్టరాదన్నారు. ఆ పంపకపు నిబంధనను పొడిగించే విషయంలో సభ్యదేశాలకు ఏకాభిప్రాయం కుదరక 2024లో దాని గడువు తీరిపోయింది. మొత్తం హద్దు మాత్రం మిగిలింది. 2025 ఆగస్టులో, వేటకాలం ఇంకా నెలలు ఉండగానే, చరిత్రలో తొలిసారిగా ఆ హద్దు నిండిపోయి వేట మూతపడింది. ఓడకొక పరిశీలకుడు, పట్టిన ప్రతి టన్నుకూ నివేదిక, ఉపగ్రహ నిఘా అన్నీ సక్రమంగా ఉన్న చోట కూడా, ఎంత అన్న లెక్క నుంచి ఎక్కడ అన్న లెక్కను వేరుచేస్తే ఏమి జరుగుతుందో ఆ ఒక్క ఏడాది చూపించింది.

మేత గుళిక వెనుక సముద్రం

ఆంధ్ర తీరానికి క్రిల్‌తో ఉన్న పరిచయం మేత బస్తాల ద్వారా ఏర్పడింది. 2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చిన తరువాత గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులు దేశంలోనే అతిపెద్ద రొయ్యల సాగుబడిగా ఎదిగాయి, ఆ చెరువులకు మేత మరో పెద్ద పరిశ్రమ అయింది. రొయ్య మేతలో చేపపిండి, సోయాపిండి, గోధుమపిండి, చేపనూనెలతోపాటు, రొయ్యను మేత వైపు ఆకర్షించే వాసన కోసం స్క్విడ్ పిండి, క్రిల్ పిండి వంటివి కొద్దిపాళ్లలో కలపడం ప్రపంచవ్యాప్తంగా ఉన్న పద్ధతి. రైతు చెక్‌ట్రే పైకి లాగి చూసేటప్పుడు అందులో మిగిలిన గోధుమరంగు గుళిక బియ్యపు గింజ కంటే పెద్దగా ఉండదు. దానిలో ఏ సముద్రపు చేప ఎంత ఉందో, ఆ చేపను పట్టిన ఓడ ఎంత డీజిల్ తాగిందో బస్తా మీద రాసి ఉండదు. ఆ రొయ్యలే కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంటు లెక్కన ధర పలికి, మంచుపెట్టెల్లో ప్రాసెసింగు ప్లాంట్లకు చేరి, విశాఖ రేవు నుంచి అమెరికాకు, చైనాకు, జపాన్‌కు ఓడలెక్కుతాయి. 2024-25లో దేశం నుంచి 62 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన 16.98 లక్షల టన్నుల సముద్రోత్పత్తులు ఎగుమతి కాగా, ఆ రాబడిలో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలదే, ఎగుమతి చేసే రేవుల్లో ముందువరస విశాఖపట్నానిదే.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో ప్రకటించి, 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక, అంటే బీఆర్‌ఎస్‌ఆర్, ఈ గొలుసులో కొన్ని కొక్కేలను మాత్రమే పట్టుకుంటుంది. విశాఖలో రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న అవంతి ఫీడ్స్ వంటి లిస్టెడ్ మేత కంపెనీ ఆ నివేదికను ప్రచురిస్తుంది. షేర్ మార్కెట్ గడప తొక్కని ప్రైవేటు ప్రాసెసింగు కంపెనీలకు ఆ బాధ్యత లేదు. కంపెనీ తన బాయిలర్లలో, వాహనాల్లో మండించిన ఇంధనం వల్ల వెలువడే వాయువులను మొదటి పరిధి అని, కొనుక్కున్న కరెంటు వల్ల వెలువడేవాటిని రెండో పరిధి అని, సరుకు సరఫరా చేసినవారి దగ్గర, కొనుక్కున్నవారి దగ్గర వెలువడేవాటిని మూడో పరిధి అని లెక్కిస్తారు. మొదటి రెండూ చెప్పితీరాలి, మూడోది ఇష్టమైతే చెప్పవచ్చు. మేత పరిశ్రమ విషయంలో సముద్రంలో వల వేసిన ఓడ ఇంధనమంతా ఆ మూడో పరిధిలోకే వస్తుంది గనుక, తప్పనిసరి నివేదిక చదివినవారికి గోదాము వెలుగు కనిపిస్తుంది గాని సముద్రం కనిపించదు. మేత మిల్లులు తమ ముడిసరుకు మూలాలను చెప్పుకోవాలని 2021లో ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ విడుదల చేసిన ప్రమాణం ఈ లోటును పూడ్చే దిశగా సరైన అడుగే అయినా, అది కోరి చేరినవారికే వర్తిస్తుంది.

పరవాడ పక్కన నీరు

బీఆర్‌ఎస్‌ఆర్‌లో పర్యావరణాన్ని గురించిన ఆరో సూత్రం కింద నీటికి సంబంధించి రెండు పట్టికలు ఉంటాయి. నీరు ఎక్కడి నుంచి తీసుకున్నారనే పట్టికలో ఉపరితల జలం, భూగర్భజలం, ఇతరుల నుంచి కొన్న నీరు అనే వరసలతోపాటు సముద్రపు నీటికి ఒక వరస ఉంటుంది. నీరు ఎక్కడికి వదిలారనే పట్టికలోనూ సముద్రానికి ఒక వరస, దాని కింద శుద్ధి లేకుండా ఎంత, శుద్ధి చేసి ఎంత అనే గళ్లు ఉంటాయి. కంపెనీకి దేశమంతటా ఎన్ని కేంద్రాలున్నా ఆ గడిలో పడేది ఒక్క అంకె. ఆ అంకెలో పరవాడ వంతు ఎంతో చదివేవారు తెలుసుకోలేరు. దక్షిణ మహాసముద్రంలో 2025లో బయటపడిన లోపమే ఈ గడిలోనూ ఉంది: మొత్తం తెలుస్తుంది, చోటు తెలియదు.

పరవాడకు ఆ చోటే సర్వస్వం. 2002లో విద్యుదుత్పత్తి మొదలై, ఇప్పుడు 2000 మెగావాట్ల సామర్థ్యంతో ఉన్న సింహాద్రి కేంద్రం తన యంత్రాలను చల్లబరచుకోవడానికి బంగాళాఖాతం నీటినే వాడుకుంటుంది. శీతలీకరణ గోపురంలో కొంత నీరు ఆవిరైపోగా మిగిలిన నీటిలో ఉప్పు పాలు పెరుగుతుంది, అందులో కొంత తిరిగి సముద్రానికి వెళ్లవలసిందే. ఫార్మాసిటీలో మందుల తయారీ కర్మాగారాల నుంచి వచ్చే వ్యర్థజలాలను ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుభ్రపరచి పైపులైను ద్వారా సముద్రంలోకి వదిలే ఏర్పాటు ఉంది. ఈ తీరంలో చేపల పడుబడి తగ్గిందని, దానికి ఆ నీరే కారణమని మత్స్యకారులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నారు. నెత్తళ్లు, కవళ్లు, కానగంతలు ఒడ్డుకు దగ్గరగా దొరకకపోతే ఫైబర్ పడవలో చిన్న ఇంజినుతో వెళ్లే కుటుంబం మరింత లోపలికి పోవాలి, మరింత డీజిల్ కొనాలి. పడుబడి తగ్గడానికి ట్రాలర్ల అతివేట, సముద్రం వేడెక్కడం కూడా కారణాలు కావచ్చు. ఒక్కదానిపైనే నేరం మోపడం శాస్త్రసమ్మతం కాదు. అయితే ఏ నెలలో ఎంత నీరు, ఎంత వేడితో, ఏయే రసాయనాలతో, ఏ పైపు చివర బయటపడిందో పల్లెకు తెలియనంత కాలం మత్స్యకారుల ఫిర్యాదు రుజువు కాదు, పరిశ్రమ నిర్దోషిత్వమూ రుజువు కాదు. ఈ సందిగ్ధపు భారం మోస్తున్నది మాత్రం వల ఉన్నవారే.

వాతావరణం విషయంలోనూ ఇంతే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వ భృతి ఉంది, దానికి లెక్కా ఉంది. తుపాను హెచ్చరికల వల్ల పడవలు ఇసుక మీదే ఉండిపోయిన రోజులకు ఏ సుస్థిరత నివేదికలోనూ గడి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును ఒంటి మీద తీసుకున్న తీరంలో ఇది చిన్న లోపం కాదు.

చోటు వారీ లెక్కలు అసలు లేవనుకుంటే పొరపాటు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టు యాజమాన్యం ఆ అనుమతిలోని షరతులను ఎలా పాటిస్తున్నదీ ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న నివేదించాలి. పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద ఏటా సెప్టెంబరు 30 లోగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించే పర్యావరణ ప్రకటన ఒకటి ఉంది. వాటాదారుల కోసం అందంగా అచ్చయ్యే బీఆర్‌ఎస్‌ఆర్ కంటే ఈ రెండు కాగితాలే ముత్యాలమ్మపాలేనికి ఎక్కువ పనికి వస్తాయి, ఎందుకంటే అవి ఒక కంపెనీని గురించి కాక ఒక స్థలాన్ని గురించి మాట్లాడతాయి. అవి ఇంగ్లీషులో, సాంకేతిక పరిభాషలో, కార్యాలయపు దస్త్రాల్లో, వెబ్‌సైట్లలో ఉండిపోవడం వల్ల పల్లె వాటిని చదవలేకపోతోంది. సముద్రంలోకి వదిలిన నీటి పరిమాణం, ఉష్ణోగ్రత, ముఖ్యమైన రసాయనాల పాళ్లు తెలుగులో ఒకే పేజీకి కుదించి, తీరంలోని గ్రామ సచివాలయాల గోడ మీద ఆరు నెలలకోసారి అంటించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా యంత్రాంగం పూనుకుంటే చాలు. పరిశ్రమలు తమంతట తామే ఆ పని చేస్తే మరింత గౌరవం.

అంతవరకు పరవాడ చదువుకున్న యువత ఒక పని చేయవచ్చు. షరతుల అమలు నివేదికలు బహిరంగ పత్రాలని 2006 నాటి ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. దరఖాస్తు చేసుకున్న ఎవరికైనా, ఆ ఊరివారే కానక్కర్లేదు, వాటి నకలు ఇవ్వాలి.