జీర్ణపత్రములకు వెలుతురెంత?

చీరాల చేరువనున్న వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము ఆంధ్రుల గ్రంథాలయోద్యమమునకు నిలువెత్తు సాక్షి. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఆ యూరు మొదట గుంటూరు జిల్లాలో నుండెను; 1970లో నూతనముగ నేర్పడిన ఒంగోలు జిల్లాలో, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. గ్రంథాలయము మాత్రము కదలలేదు! అందు శతాబ్ది ప్రాయము గల తెలుగు పత్రికల సంపుటములు గలవు. పరిశోధకులు వానికొరకే దూరప్రాంతములనుండి వత్తురు.

వచ్చినవారు పుట త్రిప్పినపుడెల్ల అంచు రాలుట సహజము. పత్రికల కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. అందలి లిగ్నిన్ అను పదార్థము వెలుతురు సోకినకొలది పసుపువారును, కాగితము పెళుసెక్కును. కావున ఒక్కమారు చక్కగా ఛాయాచిత్రము తీసి, మూలమును చీకటిలో భద్రపరచుట మేలు. కాని ఛాయాచిత్రమునకే వెలుతురు కావలెను గదా!

ఇచట లెక్క యొకటి కలదు. వెలుతురు చేయు హాని కూడుచు పోవునే గాని తరుగదు. ప్రదర్శనశాలలు ఇట్టి సుకుమార వస్తువులపై సాధారణముగ 50 లక్సులకు మించనీయవు. 1000 లక్సుల వెలుతురులో ఒక నిమిషముంచిన పుట, ఆ 50 లక్సులలో 20 నిమిషములున్న దానితో సమానము. భయపడవలసినది ఆ నిమిషమునకు గాదు. కెమేరా సరిచేసికొనుచు, మాటలాడుచు, దీపములార్పక గడపు గంటలకు. సరిచూచుకొనునంతసేపు దీపముల క్రింద చిత్తుకాగితము నుంచవలెను.

పూర్వపు టంగ్‌స్టన్ దీపములు వేడిని చిమ్మెడివి. కల్లములలో మిరపకాయలను గలగలలాడించు గుంటూరు సీమ వేసవిగాడ్పులో ముందే తేమ కోల్పోయిన కాగితమునకు అది పుండుమీది కారమే. మేలైన ఎల్.ఇ.డి. దీపములలో వేడిమి, అతినీలలోహిత కిరణములు మిక్కిలి తక్కువ. పుటకిరుప్రక్కల, 45 డిగ్రీల వాలున, సమాన దూరమున రెండు దీపములుంచిన వెలుతురు సమముగ పరచుకొనును. మెరుపు కటకములోనికి రాదు.

తాళపత్రము సంగతి వేరు. గంటముతో గీసిన యక్షరములలోని మసి చెదరిపోయినచో, ఇరువైపుల వెలుతురులో ఆకు వట్టిదిగనే కనబడును. అపుడొక్క దీపమునే ఆకు అంచుకడ, ఇంచుమించు మట్టసముగ దించిన, గీతల గట్లు నీడ పట్టి అక్షరములు లేచి నిలుచును. చదువుటకై ఆకుపై మరల మసి పూయ బనిలేదు. అయితే వెలుతురు వచ్చు దిక్కుననే సాగిన గీత నీడ పట్టదు. అందుచేత దీపమును మరొక వైపునకు మార్చి రెండవ చిత్రము తీసి, రెంటిని ప్రక్కప్రక్కనుంచి పాఠమును నిర్ణయింపవలెను.