రక్తం రంగు చెప్పే కబురు

చీకటి గదిలో టార్చిలైటు వెలిగించి, దాని ముఖాన్ని వేళ్లతో మూసి చూడండి. వేళ్లు ఎర్రగా మెరుస్తాయి. టార్చి వెలుగులో అన్ని రంగులూ ఉన్నా, నీలం, ఆకుపచ్చ కాంతులను మన రక్తం చాలావరకు పీల్చుకుంటుంది. ఎరుపు మాత్రం ఇవతలికి వస్తుంది. ఈ చిన్న విషయమే గుండె ఆపరేషన్ గదిలో ప్రాణాలు కాపాడటానికి తోడ్పడుతోంది. ఎలాగో చూద్దాం.

గుండెను విప్పి, లోపలి చిల్లు పూడ్చాలంటే రక్తాన్ని కాసేపు వేరే దారి మళ్లించాలి. 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రం సాయంతో 18 ఏళ్ల అమ్మాయికి ఈ ఆపరేషన్ విజయవంతంగా చేశారు. సిరల రక్తం గొట్టం గుండా యంత్రంలోకి వస్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడును వదిలి, ఆక్సిజన్‌ను నింపుకొని, తిరిగి ధమనిలోకి వెళ్తుంది.

మరి శరీరానికి ఆక్సిజన్ చాలినంత అందుతోందని తెలిసేదెలా? రక్తం తీసి ప్రయోగశాలకు పంపవచ్చు. కాని ఫలితం వచ్చేలోగా పరిస్థితి మారిపోవచ్చు. పైగా 3 కిలోల పసిబిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 250 మిల్లీలీటర్లే! మాటిమాటికీ తీయగలమా?

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఉంది కదా అంటారా? 1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి వెల్లడించిన పద్ధతి అది. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే కాంతిని బట్టి అది లెక్క కడుతుంది. గుండెను ఆపితే ఇక నాడి ఎక్కడిది? యంత్రపు పంపు సాధారణంగా రక్తాన్ని ఏకధారగా తోస్తుంది.

అందుకే ఇంజనీర్లు వేలిని వదిలి గొట్టాన్ని పట్టుకున్నారు! గొట్టం మధ్య పారదర్శకమైన చిన్న భాగాన్ని అమర్చి, దానికి బయటినుంచి కాంతి పరికరాన్ని తగిలిస్తారు. పరికరం రక్తాన్ని తాకదు.

ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కలిస్తే నిగనిగలాడే ఎరుపు, విడిపోతే ముదురు రంగు. ఈ మార్పును 1864లోనే శాస్త్రవేత్త జార్జి స్టోక్స్ వర్ణపటంలో చూపారు. 660 నానోమీటర్ల ఎర్రకాంతిని ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ ఎక్కువగా పీల్చుకుంటుంది. 940 నానోమీటర్ల పరారుణ కాంతి దగ్గర ఇది తారుమారవుతుంది. రెండింటినీ పోల్చితే నూటికి ఎంత హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తోందో తెలుస్తుంది. సుమారు 805 దగ్గర రెండూ సమానంగా పీల్చుకుంటాయి. కనుక అక్కడ మొత్తం హీమోగ్లోబిన్ ఎంతో అంచనా కట్టవచ్చు.

ఇందులో ముఖ్యమైన కబురు శరీరం నుంచి తిరిగివచ్చే సిరల రక్తానిదే. జేబులో మిగిలిన చిల్లర చూసి ఖర్చు తెలుసుకున్నట్టే ఇదీను. ఆరోగ్యవంతుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు ధమని రక్తంలో సుమారు 98 శాతం, సిర రక్తంలో 75 శాతం హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో ఉంటుంది. ఆపరేషన్‌లో సిర రక్తపు అంకె పడిపోతుంటే, శరీరానికి అందేది చాలడం లేదని అర్థం. యంత్రం నడిపే నిపుణుడు వెంటనే పంపు వేగం పెంచడమో, మరో కారణం వెతకడమో చేస్తాడు.

అయితే కాంతి అన్నీ చెప్పలేదు. ఉదాహరణకు, రక్తంలో పొటాషియం ఎంతో ఈ పద్ధతిలో తెలియదు. కనుక అప్పుడప్పుడు కొద్దిగా రక్తం తీసి పరీక్షించక తప్పదు. కాని ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య, ప్రతి క్షణం కాపలా కాసేది ఆ వెలుగే.