పచ్చిక కోతలో సమత: తోట ట్రాక్టరు మోవర్ డెక్కును సరిచేసే క్రమం

పచ్చిక మైదానాల నిర్వహణలో కోత ఎత్తు కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. నీరు, నత్రజనిలాగే అదీ ఒక సేద్య అంశం. గరిక పచ్చికపై కోత ఎత్తు ప్రభావాన్ని తెలుసుకొనేందుకు 25, 37, 50 మి.మీ. ఎత్తులను మూడు ట్రీట్‌మెంట్లుగా తీసుకొని ఒక ప్రయోగం వేశారనుకుందాం. ట్రీట్‌మెంట్ల మధ్య తేడా 12, 13 మి.మీ. మాత్రమే. కోతకు వాడిన తోట ట్రాక్టరు మోవర్ డెక్కు ఒక పక్కకు 12 మి.మీ. వాలి ఉంటే, ఆ తేడా అంతా ఒక్క మడిలోనే కనిపిస్తుంది. గణాంక విశ్లేషణ ఎంత నిశితంగా చేసినా ఆ లోపాన్ని తొలగించలేదు. అందువల్ల డెక్కును సమంగా అమర్చడం మెకానిక్‌కు వదిలివేయదగిన పని కాదు. అది ప్రయోగ నిర్వహణలో భాగం.

ఎగుడుదిగుడు కోత వల్ల మొక్కకు జరిగే నష్టం

పచ్చిక ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయరాదన్నది అందరికీ తెలిసిన సూత్రం. 60 మి.మీ. పెరిగిన గరికను 40 మి.మీ.కు కోస్తే సరిగ్గా మూడో వంతు పోతుంది. డెక్కు 12 మి.మీ. వాలి ఉన్నప్పుడు ఒక అంచున 34 మి.మీ., రెండో అంచున 46 మి.మీ. మిగులుతుంది. అంటే ఒక పక్క 43 శాతం, మరో పక్క 23 శాతం ఎత్తు తొలగిపోయింది. ఎక్కువ కోసిన పక్క పచ్చని ఆకులు పోయి గోధుమరంగు కాడలు బయటపడతాయి. గరికకు నేలపై పాకే కాడలు, నేలలోని దుంప కాడలు ఉండటం వల్ల అది చావదు. అయితే నిల్వ ఉన్న పిండిపదార్థాలను ఖర్చు చేసి కొత్త ఆకులు వేయవలసి వస్తుంది. ఆ కాలంలో వేళ్ళ పెరుగుదల మందగిస్తుంది. నేలపై ఎండ పడి కలుపు విత్తనాలు మొలకెత్తుతాయి. వారం తరువాత ఆ చారలను చూసిన వారు నత్రజని లోపమనో, నీరు అందలేదనో భావించే ప్రమాదం ఉంది. చార వెడల్పు డెక్కు వెడల్పుకు సమానంగా ఉన్నదేమో చూడటం రోగనిర్ధారణలో మొదటి మెట్టు.

కోత చూసి లోపాన్ని గుర్తించడం

ట్రాక్టరును ముందుకు వెనుకకు తిప్పుతూ పక్కపక్క సాళ్ళుగా కోసినప్పుడు, ఒక సాలు కుడి అంచు పక్కన తరువాతి సాలు కుడి అంచే వస్తుంది. ఆ తరువాత ఎడమ అంచు పక్కన ఎడమ అంచు వస్తుంది. అందువల్ల డెక్కు వాలి ఉన్నా మెట్టు కనబడదు, మెల్లని అల మాత్రమే కనిపిస్తుంది. అదే పచ్చికను అన్ని సాళ్ళూ ఒకే దిశలో కోస్తే ఎడమ అంచు పక్కన కుడి అంచు వచ్చి, ప్రతి సాలు వద్ద స్పష్టమైన మెట్టు ఏర్పడుతుంది. కాబట్టి పరీక్ష కోత ఎప్పుడూ ఒకే దిశలో జరపాలి.

సాలు మధ్యలో కోయని సన్నని గీత మిగిలితే అది వాలు లోపం కాదు. బ్లేడు మొనలు అరిగిపోవడం, బెల్టు జారి బ్లేడ్ల వేగం తగ్గడం, డెక్కు లోపలి భాగంలో తడి గడ్డి పేరుకొని గాలి ప్రవాహం ఆగిపోవడం దీనికి ప్రధాన కారణాలు. బ్లేడు వెనుక అంచున పైకి వంచిన రెక్క గాలిని పైకి లాగి, వంగిన ఆకులను నిలబెడుతుంది. ఆ గాలి తగ్గితే ట్రాక్టరు చక్రాల కింద నలిగిన గడ్డి లేవదు. సన్నని అలలు అడ్డంగా వరుసగా కనిపిస్తే ప్రయాణ వేగం ఎక్కువైందని గ్రహించాలి. కోత సమయంలో ఇంజనును పూర్తి వేగంతో నడిపి, ట్రాక్టరును నెమ్మదిగా నడపడం సరైన పద్ధతి.

మొదట టైర్లు, తరువాతే డెక్కు

డెక్కు ట్రాక్టరు చట్రానికి వేలాడుతుంది. చట్రం టైర్లపై నిలుస్తుంది. తోట ట్రాక్టర్లలో ముందు ఇరుసు మధ్యలోని పిన్నుపై ఊగుతుంది కనుక చట్రం పక్కవాలును నిర్ణయించేవి వెనుక టైర్లే. వెనుక చక్రాల మధ్య దూరం 70 సెం.మీ., డెక్కు వెడల్పు 107 సెం.మీ. అనుకుంటే, ఒక వెనుక టైరు 8 మి.మీ. కుంగితే డెక్కు రెండు అంచుల మధ్య 12 మి.మీ. తేడా వస్తుంది. ముందు టైర్లు ముందు వెనుకల వాలును మారుస్తాయి. ఇరుసుల మధ్య దూరం 120 సెం.మీ., బ్లేడు పొడవు 53 సెం.మీ. ఉన్న యంత్రంలో ముందు టైర్లు 10 మి.మీ. కుంగితే బ్లేడు ముందు మొన వెనుక మొన కంటే సుమారు 4 మి.మీ. దిగుతుంది.

గాలి తక్కువైన టైరుతో ఉన్న ట్రాక్టరు డెక్కును నట్లు తిప్పి సరిచేస్తే, టైరులో గాలి నింపిన మరుక్షణం ఆ సర్దుబాటు లోపంగా మారుతుంది. కనుక తయారీదారు పుస్తకంలో సూచించిన పీడనాన్ని గేజితో చూసి నాలుగు టైర్లకూ నింపిన తరువాతే మిగిలిన పని మొదలుపెట్టాలి. రెండు వెనుక టైర్ల పరిమాణం, అరుగుదల ఒకేలా ఉండటం కూడా అవసరం.

సర్దుబాటు క్రమం

ట్రాక్టరును సమతలమైన సిమెంటు గచ్చుపై నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళంచెవి తీయాలి. స్పార్క్ ప్లగ్ తీగను విడదీయాలి. దళసరి తోలు చేతితొడుగులు ధరించాలి. ఈ బ్లేడ్ల మొన వేగం సెకనుకు సుమారు 96 మీటర్లకు మించరాదని అమెరికా భద్రతా ప్రమాణం పరిమితి విధించిందంటే, ఈ జాగ్రత్తలు ఎంత అవసరమో అర్థమవుతుంది.

మొదటి పని బ్లేడు నిటారుదనాన్ని పరీక్షించడం. ఒక మొన నుండి గచ్చుకు ఎత్తు కొలిచి, బ్లేడును అర్ధచుట్టు తిప్పి రెండో మొనను అదే స్థానానికి తెచ్చి కొలవాలి. తేడా 3 మి.మీ. దాటితే బ్లేడు వంగినట్లు భావించి మార్చాలి. సుత్తితో కొట్టి సరిచేయరాదు. కొత్త బ్లేడుతోనూ అదే తేడా వస్తే స్పిండిల్ వంగిందని నిర్ధారించుకోవాలి.

రెండవది పక్కల సమత. డెక్కును సాధారణంగా కోసే ఎత్తులో ఉంచి, బ్లేడ్లను అడ్డంగా తిప్పి, ఎడమ బ్లేడు బయటి మొన, కుడి బ్లేడు బయటి మొన ఎత్తులను కొలవాలి. తేడా 3 మి.మీ. లోపు ఉంటే చాలు. మించితే ఒక పక్క ఎత్తు లింకుపై ఉన్న సర్దుబాటు నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ మళ్ళీ మళ్ళీ కొలవాలి.

మూడవది ముందు వాలు. బ్లేడ్లను ముందు వెనుకలకు తిప్పి, ముందు మొన, వెనుక మొన ఎత్తులను కొలవాలి. చాలా యంత్రాలలో ముందు మొన 3 నుండి 10 మి.మీ. కిందికి ఉండాలి. కచ్చితమైన అంకె ఆయా యంత్రం పుస్తకంలో ఉంటుంది. ముందు మొన గడ్డిని ఒకసారి కోసిన తరువాత వెనుక మొన దానిని తాకకుండా సాగిపోవడమే ఈ వాలు ఉద్దేశం. వెనుక మొన దిగి ఉంటే కోసిన గడ్డినే మళ్ళీ కోసి ఇంజనుపై భారం పెరుగుతుంది. ముందు మొన మరీ దిగితే మిట్టలపై పచ్చిక బోడి అవుతుంది. ముందు లింకుకు రెండు నట్లు ఉంటే రెండింటినీ సమానంగా తిప్పాలి. ఆ తరువాత పక్కల సమతను తిరిగి కొలవాలి, ఎందుకంటే ఒక సర్దుబాటు మరొక దానిని కదిలిస్తుంది.

చివరగా డెక్కు అంచులలోని చిన్న గేజి చక్రాలను, ఎంచుకున్న కోత ఎత్తులో, నేలకు 6 నుండి 12 మి.మీ. పైన ఉండేటట్లు బిగించాలి. అవి డెక్కు బరువు మోయడానికి కాదు, మిట్ట తగిలినప్పుడు డెక్కును పైకి ఎత్తడానికి. కోత ఎత్తు మార్చిన ప్రతిసారీ వీటి స్థానమూ మార్చాలి.

గచ్చుపై ఎత్తు, మడిలో ఎత్తు

గచ్చుపై 40 మి.మీ.గా అమర్చిన డెక్కు మడిలోనూ 40 మి.మీ. కోస్తుందని అనుకోరాదు. వర్షాకాలంలో తడిసిన నల్లరేగడిలో చక్రాలు కుంగి కోత దిగుతుంది. కాడలు, వేళ్ళు పేరుకొని మెత్తటి పరుపులా మారిన పాత పచ్చికలో చక్రాలు ఆ పొరపైన నడిచి కోత పైకి లేస్తుంది. కనుక పరీక్ష సాలు కోసిన తరువాత దాని వెడల్పు మీదుగా కనీసం పది చోట్ల స్కేలుతో ఎత్తు కొలిచి, సగటును, కనిష్ఠ గరిష్ఠాలను ప్రయోగ పుస్తకంలో నమోదు చేయాలి. టైర్ల పీడనం, కోత దిశ, నేల తేమ స్థితి కూడా వ్రాస్తే, తరువాత వచ్చే తేడాలకు కారణం వెదకడం సులభమవుతుంది.

తోటల్లో స్లాషరుకూ ఇదే సూత్రం

మామిడి వంటి తోటలలో వరుసల మధ్య గడ్డిని ట్రాక్టరు వెనుక మూడు బిందువుల లింకుకు తగిలించిన రోటరీ స్లాషరుతో కోస్తారు. అక్కడ పక్కల సమతను కింది లింకు లెవలింగ్ సర్దుబాటుతోను, ముందు వాలును పై లింకు పొడవు మార్చడంతోను సాధించాలి. పరికరం వేరైనా క్రమం ఒక్కటే. ముందు టైర్లు, తరువాత బ్లేడ్లు, ఆపైన పక్కలు, చివరగా ముందు వాలు. ఈ క్రమాన్ని తలకిందులు చేసినప్పుడే గంటల తరబడి నట్లు తిప్పినా కోత కుదరదు.

విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణలలో ఈ పనిని మాటలతో కాక, ఒక గాలి గేజి, ఒక స్కేలు, ఒక స్పానరుతో చేసి చూపడం మేలు. పచ్చికపై ప్రయోగాలు చేసే విద్యార్థులు తమ మోవర్‌ను మొదటి మడి కోయకముందే ఒకసారి కొలిచి చూడాలి. అప్పుడు మడుల మధ్య కనిపించే తేడా ట్రీట్‌మెంటుదేనని ధైర్యంగా చెప్పగలుగుతారు.