మహమ్మారి కాలమున ప్రశ్నోత్తరములు

కొత్తవలస నుండి కిరండూలు పోవు రైలుమార్గమున శివలింగపురము దాటిన పిమ్మట టైడా యను చిన్న స్టేషను కలదు. ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలములోనిది. చుట్టును తూర్పు కనుమల అడవులు, ముందును వెనుకను సొరంగములు. ఈ సీమవారికి పెద్ద వైద్యము కావలెనన్నచో కొండ దిగవలసినదే. బాట లేని పల్లెలనుండి రోగిని డోలీలో పరుండబెట్టి, మోసికొని రోడ్డునకు చేర్చుట ఇచ్చట క్రొత్త విషయము కాదు. అట్టి చోట ఒక మహమ్మారి ప్రవేశించి మనుష్యులు మరణించినచో, ఎందుకు మరణించిరి, ఎందరు మరణించిరి అని ప్రభుత్వమును అడుగువారెవరు?

అడుగుటకు ఒకరు కలరు. టైడా ఓటర్లు అరకు లోక్‌సభ నియోజకవర్గమునకు చెందినవారు. ఉత్తరమున పాలకొండ మొదలు దక్షిణమున రంపచోడవరము వరకు ఏడు శాసనసభా స్థానములు కలిసిన విశాలమైన నియోజకవర్గమది. షెడ్యూల్డు తెగలవారికి ప్రత్యేకింపబడినది. అచ్చటనుండి ఎన్నికైన సభ్యునకు గాని సభ్యురాలికి గాని, ఢిల్లీలో మంత్రిని నిలబెట్టి ప్రశ్నించు హక్కు కలదు. మంత్రివర్గము లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెనని మన రాజ్యాంగము విధించినది. ఆ బాధ్యతను దినదినము గుర్తు చేయు సాధనము ప్రశ్న.

ప్రశ్న వేయు పద్ధతిని కొంచెము వివరముగా తెలిసికొనుట మంచిది. సభ్యుడు లేచి తోచినది అడుగుటకు వీలులేదు. నిండు పదునైదు దినములకు ముందుగా ప్రశ్నను వ్రాసి సభా కార్యాలయమునకు పంపవలెను. వచ్చిన ప్రశ్నలు వందలకొలదిగా నుండును గనుక చీటీలు తీసినట్లు వరుస నిర్ణయింతురు. లోక్‌సభలో దినమునకు 20 ప్రశ్నలకు మాత్రమే నోటిమాటగా సమాధానము లభించును. అచ్చు ప్రతిలో వీని ప్రక్కన నక్షత్రపు గుర్తు ఉండును గాన వీనిని నక్షత్ర ప్రశ్నలందురు. గుర్తు లేని ప్రశ్నలు దినమునకు 230. వీనికి మంత్రి కాగితముపై సమాధానము వ్రాసి సభ యెదుట ఉంచును. అంతటితో సరి.

ఈ రెండింటికిని గల భేదము చిన్నది కాదు. నక్షత్ర ప్రశ్నకు మంత్రి చెప్పిన సమాధానము చాలనిచో, సభ్యుడు వెంటనే మరియొక ప్రశ్న వేయవచ్చును. తక్కిన సభ్యులును వేయవచ్చును. వీనిని అనుబంధ ప్రశ్నలందురు. ఇవి ముందుగా తెలియవు కాబట్టి మంత్రికి తన శాఖ సంగతులు నిజముగా తెలిసియుండవలెను. పాఠము వల్లించిన బాలునికిని, పాఠము గ్రహించిన బాలునికిని గల తేడా ఉపాధ్యాయుని రెండవ ప్రశ్నలోనే బయటపడునని బడిలో కూర్చున్న మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆంగ్లేయుల ప్రభుత్వమునకు కూడ ఈ సంగతి బాగుగా తెలియును. వారు 1892లో మనవారికి ప్రశ్న వేయు హక్కు నిచ్చిరి గాని అనుబంధ ప్రశ్న వేయు హక్కు నీయలేదు. అది 1909 వరకు రాలేదు.

స్వతంత్ర భారతమున ప్రశ్న శక్తిని తెలుపు ఉదంతము 1957లో జరిగెను. జీవిత బీమా సంస్థ ముంద్రా యను వ్యాపారి కంపెనీలలో ధనము పెట్టిన విషయమై లోక్‌సభలో ఒక ప్రశ్న వచ్చెను. దానిపై ఫిరోజ్ గాంధీ మొదలగువారు పట్టువిడువక అడిగిరి. విచారణ జరిగి, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసివచ్చెను. ఫిరోజ్ గాంధీయు మంత్రియు ఒకే పక్షమువారగుట గమనింపదగినది.

ఇక మహమ్మారి సంగతి. 2020వ సంవత్సరారంభమున కోవిడ్ వ్యాధి ప్రపంచమంతట వ్యాపించెను. మన దేశమున మార్చి 25వ తేదీనుండి లాక్‌డౌను అమలయ్యెను. నలుగురు కూడుటయే ప్రమాదమైనపుడు, వందలాది సభ్యులు కూడి చర్చించు సభలు ఎట్లు నడుచును?

బ్రిటనులో ఆ సమస్యకు చేసిన పరిష్కారము చూడుడు. ప్రధానమంత్రి బోరిస్ జాన్సనుకే వ్యాధి సోకి, ఏప్రిల్ మాసమున ఆసుపత్రిలో చేరవలసివచ్చెను. అయినను ప్రశ్నలు ఆగలేదు. ఏప్రిల్ 22వ తేదీన 50 మంది సభ్యులు మాత్రము సభలో దూరదూరముగా కూర్చుండగా, తక్కినవారు తమ యిండ్లనుండి తెరమీద కనిపించుచు ప్రశ్నించిరి. ప్రధానికి బదులు విదేశాంగమంత్రి డొమినిక్ రాబ్ సమాధానము లిచ్చెను. వైద్య సిబ్బందిలో ఎందరు మరణించిరని ప్రతిపక్ష నాయకుడు కీర్ స్టార్మర్ అడుగగా రాబ్ సంఖ్య చెప్పెను. వృద్ధులకును, అశక్తులకును పరిచర్య చేయువారిలో ఎందరని అడుగగా, కచ్చితమైన సంఖ్య తనయొద్ద లేదనెను. అంతట స్టార్మర్ కోపింపలేదు. వచ్చే వారము మరల ఇదే ప్రశ్న అడుగుదునని ముందుగానే తెలియజేసెను. ప్రశ్నించుట యనగా ఇట్లుండవలెనని నా యభిప్రాయము.

మన పార్లమెంటు ఆ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన సమావేశమయ్యెను. సభ్యులు రెండు సభామందిరములలోను, పైనున్న గ్యాలరీలలోను ఎడముగా కూర్చుండిరి. ఒక సభ ఉదయము, మరియొక సభ సాయంకాలము నడచెను. రాజ్యసభకు నెల్లూరు సీమవారైన ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు అధ్యక్షత వహించిరి. ఆ సమావేశములలో ప్రశ్నోత్తర సమయమును తొలగించిరి. మంత్రి నోట సమాధానము చెప్పుటకు ప్రతి శాఖనుండి పలువురు అధికారులు కాగితములతో వచ్చి సభాప్రాంగణమున కూర్చుండవలెననియు, అంతటి గుంపు ఆ దినములలో క్షేమము కాదనియు ప్రభుత్వము చెప్పిన కారణము. నక్షత్రము లేని ప్రశ్నలకు లిఖిత సమాధానములు మాత్రము కొనసాగినవి. ప్రతిపక్షములు దీనిని తీవ్రముగా ఆక్షేపించినవి.

ప్రమాదము కల్పితము కాదు. సమావేశములకు ముందు జరిపిన పరీక్షలలో పలువురు సభ్యులకు వ్యాధి ఉన్నట్లు తేలెను. అరకు సభ్యురాలు గొడ్డేటి మాధవిగారు వారిలో ఒకరు. తిరుపతి సభ్యులు బల్లి దుర్గాప్రసాదరావుగారు చికిత్స పొందుచు సెప్టెంబరు 16వ తేదీన చెన్నపట్టణమున కన్నుమూసిరి. రైల్వే సహాయమంత్రి సురేశ్ అంగడిగారు 23వ తేదీన మరణించిరి. అక్టోబరు 1వ తేదీ వరకు జరుగవలసిన సమావేశములు ఆ దినముననే ముగిసినవి. కాగా ప్రభుత్వము చెప్పిన కారణమును త్రోసివేయలేము. అయినను పోగొట్టుకొన్నది స్వల్పమని కూడ చెప్పలేము. కాగితమునకు అనుబంధ ప్రశ్న వేయుట ఎట్లు? దానికి ముఖము లేదు, తడబాటు లేదు. అందులో వ్రాసినంతవరకే అది పలుకును.

దీనికి ఉదాహరణము సమావేశముల మొదటి దినముననే దొరికినది. లాక్‌డౌను కాలమున పనులు పోయి, పట్టణములనుండి స్వగ్రామములకు కాలినడకన బయలుదేరిన వలసకూలీలను మీ తలిదండ్రులు చూచియుందురు. వారిలో ఎందరు మరణించిరని సభ్యులు లోక్‌సభలో అడిగిరి. అట్టి లెక్క తాము ఉంచలేదని కార్మికశాఖ సమాధానము. నష్టపరిహార మిచ్చితిరా యని అడుగగా, లెక్కయే లేదు గనుక ఆ ప్రశ్న ఉదయింపదని చెప్పిరి. అయితే అదే సమాధానమున, స్వగ్రామములకు మరలిన కూలీలు ఒక కోటికి పైబడినవారని సంఖ్య చూపిరి. ఇల్లు చేరినవారి లెక్క ఉండి, చేరనివారి లెక్క లేకపోవుట విచారింపదగిన విషయము. సభలో మంత్రి ఎదురుగా నిలిచియున్నచో ఈ మాట ఎవరో ఒకరు అప్పుడే అడిగియుందురు.

కాని ప్రశ్నకు మరియొక గుణము కలదు. ఒక ద్వారము మూసినచో అది మరియొక ద్వారమును తట్టును. కూలీలకొరకు రైల్వేవారు శ్రామిక్ రైళ్లను నడపిరి. వానిలో మొదటిది 2020 మే 1వ తేదీన మన హైదరాబాదు చెంతనున్న లింగంపల్లి నుండి సుమారు 1,200 మందితో ఝార్ఖండులోని హటియాకు పోయినది. రైలు ఎక్కినవారికి టికెట్టు ఉండును, రైలులో ఎవరైనను మరణించినచో పోలీసువారి కాగితము ఉండును. డెరెక్ ఓబ్రయన్ అను సభ్యుడు రాజ్యసభలో రైళ్లనుగూర్చి మాత్రమే అడిగెను. సెప్టెంబరు 9వ తేదీ వరకు ఆ రైళ్లలో 97 మంది మరణించిరని రైల్వేమంత్రి పీయూష్ గోయలుగారు లిఖిత సమాధాన మిచ్చిరి. 87 మృతదేహములు శవపరీక్షకు పంపబడెననియు, అప్పటికి 51 నివేదికలు అందెననియు తెలిపిరి. ఒకే ప్రభుత్వము, ఒకే మాసము: ఒక శాఖ లెక్క లేదన్నది, మరియొక శాఖ లెక్క చెప్పినది. ఏ శాఖను ఏ కాగితమునుగూర్చి అడుగవలెనో తెలిసియుండుటయే ప్రశ్నించువాని నేర్పు.

2021 బడ్జెటు సమావేశములనుండి ప్రశ్నోత్తర సమయము మరల ఆరంభమయ్యెను. ఆ వేసవిలో వ్యాధి రెండవసారి మరింత ఘోరముగా విజృంభించి, ఆసుపత్రులలో ప్రాణవాయువునకు కటకట ఏర్పడెను. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో గొట్టములలో ప్రాణవాయువు ఒత్తిడి తగ్గిపోయెను. తమిళనాడు నుండి రావలసిన ట్యాంకరు ఆలస్యమైనది. 11 మంది మరణించిరని ప్రభుత్వాధికారులు ప్రకటించిరి.

జూలై 20వ తేదీన రాజ్యసభలో, ప్రాణవాయువు లేక ఎందరు మరణించిరను ప్రశ్నకు ఆరోగ్య సహాయమంత్రి భారతీ ప్రవీణ్ పవారుగారు సమాధాన మిచ్చిరి. ఆరోగ్యము రాష్ట్రముల పరిధిలోని విషయమనియు, అట్టి మరణములు ప్రత్యేకముగా జరిగినట్లు రాష్ట్రములు తెలుపలేదనియు దాని సారాంశము. ఇది విని దేశమంతట అలజడి పుట్టెను. ఈ సమాధానము ఎట్లు తయారైనదో ఆలోచింపుడు. ఆసుపత్రిలో డాక్టరు మరణకారణమును వ్రాయును. అది జిల్లాకు, అటనుండి రాష్ట్ర రాజధానికి, అటనుండి ఢిల్లీకి పోవును. దినమునకు ఇందరు వ్యాధిగ్రస్తులు, ఇందరు మృతులు అను గడులు ఆ పట్టికలో ఉన్నవి. ప్రాణవాయువు అందక మరణించినవారను గడి లేదు. లేని గడిలో ఎవ్వరును సంఖ్య వ్రాయరు.

తరువాత కేంద్రము రాష్ట్రములను ఈ విషయమై ప్రత్యేకముగా అడిగెను. ఆగస్టు మాసమున, ఆ సమావేశములు ముగియకముందే, అదే సహాయమంత్రి రాజ్యసభకు మరియొక లిఖిత సమాధాన మిచ్చిరి. మే 10వ తేదీన ప్రాణవాయువు ట్యాంకును నింపుటకును, ప్రత్యామ్నాయపు ఏర్పాటును పనిచేయించుటకును నడుమ ఒత్తిడి తగ్గుటవలన, యంత్రసహాయముతో నున్న కొందరు రోగులు మరణించినట్లు ప్రాథమిక విచారణలో తేలినదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెలిపినట్లు అందు కలదు. జూలైలో కాగితముమీద లేని మరణములు ఆగస్టున సభ యెదుటకు వచ్చినవి.

ఇట్టి సమాధానములన్నియు ఉభయసభల వెబ్‌సైటులలో తేదీలవారీగా లభించును. ఎవరైనను తీసి చదువుకొనవచ్చును. సామాన్యునికి సభలో ప్రశ్న వేయు హక్కు లేదు గాని, తన సభ్యునకు జాబు వ్రాయు హక్కు కలదు. వ్రాయువారు పదునైదు దినముల గడువు సంగతి మరువక, సమావేశములకు నెలదినములు ముందుగా వ్రాయుట మేలు. జాబులో ఊరిపేరు, మండలము, జరిగిన తేదీ, చూచిన సంగతి ఉండవలెను. విశేషణములు తగ్గింపవలెను. మా ఊరికి వైద్యము లేదని వ్రాసిన జాబుకన్న, ఫలానా నెలలో ఇంతమందిని ఇన్ని మైళ్లు డోలీమీద మోసితిమి, ఇది ఏ శాఖవారి పుస్తకములో నమోదైనదని అడిగిన జాబునుండి ప్రశ్న తయారుచేయుట సభ్యునకు సులభము.