వెల్సు కల్పించిన అంగారకవాసులు

భూమికి వెలుపల బుద్ధిజీవులు కలరేమో యను శంక బహుప్రాచీనము. ఆ శంకకు శాస్త్రజ్ఞానమును జోడించి, ఒక నాగరికతను కల్పించి, దానిని ఇంగ్లండుపై దండెత్తించిన రచయిత హెచ్. జి. వెల్సు. ఆయన నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' 1897లో పత్రికయందు ధారావాహికముగను, 1898లో గ్రంథముగను వెలువడెను. అంతకుముందే, 1877లో ఇటలీ ఖగోళశాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకునిపై గీతలు కనబడినవని ప్రకటించెను. అవి అచటివారు త్రవ్విన కాలువలేయని అమెరికనుడగు పెర్సివల్ లోవెల్ 1895లో వాదించెను. కావున పాఠకలోకము ఆ కథకు సిద్ధముగనే యుండెను.

వెల్సు వర్ణించిన అంగారకవాసికి దేహమంతయు శిరస్సే; దాని అడ్డుకొలత సుమారు 4 అడుగులు. నోటిచుట్టును కొరడాలవంటి 16 కరములు. నాసిక లేదు, జీర్ణకోశము లేదు, నిద్ర లేదు, స్త్రీపురుషభేదమును లేదు. సంతానము మొగ్గవలె దేహముననే పొడమును. అన్యప్రాణుల రక్తమును తమ నాళములలోనికి ఎక్కించుకొనుటయే వారి ఆహారము. మూడుకాళ్ల యంత్రములపై సంచరించుచు, ఉష్ణకిరణముతో ఊళ్లను దహింతురు.

ఇది కేవలము వికృతకల్పన కాదు. వెల్సు లండనులో టి. హెచ్. హక్సిలీ వద్ద జీవశాస్త్రము నభ్యసించినవాడు. దేహము చేయవలసిన పనులన్నియు యంత్రములే చేసిపెట్టినచో, పరిణామక్రమమున తుదకు మెదడును, చేతులును మాత్రమే మిగులునను తర్కము ఈ రూపమునకు మూలము. ఆ భీకరాకృతి మానవుని భవిష్యద్రూపమే కావచ్చునని రచయిత సూచన.

అంతకంటె తీవ్రమైన మాట మొదటి అధ్యాయముననే కలదు. తమ గ్రహము చల్లారుచుండగా పరభూమి నాక్రమింపవచ్చిన ఈ జీవులను నిందించుటకు ముందు, తెల్లజాతివారు టాస్మేనియా ఆదివాసులకు చేసిన ఘోరమును స్మరింపుడని వెల్సు తన పాఠకులను కోరెను. ఆ దీవిలో ఆంగ్లేయుల వలస 1803లో ఆరంభమయ్యెను. కొలది దశాబ్దములలోనే అచటి ప్రజలు దాదాపు నశించిరి. ఆ జాతి పూర్తిగా అంతరించెనని వెల్సు తలచెను గాని, వారి సంతతివారు నేటికిని కలరు. పరులను జయించుటకే అలవడిన సామ్రాజ్యమునకు, జితుల భయమెట్టిదో లండను వీథులలోనే చూపుట ఈ నవలలోని సాహసము.

తుదకు ఆ విజేతలను ఫిరంగులు కూల్చలేదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు కూల్చినవి. వారి గ్రహమున అట్టివి లేకపోవుటచే వారికి రోగనిరోధకశక్తి లేకపోయెను. మానవుడు ఆ శక్తిని తరతరముల మరణములతో సంపాదించుకొనెను.

1965లో మారినర్ 4 పంపిన ఛాయాచిత్రములలో బిలములే కనబడినవి, కాలువలు కానరాలేదు. అంగారకుని నాగరికత కల్లయయ్యెను. బలవంతుడు దుర్బలునిపట్ల ఎట్లు మెలగవలెనను వెల్సు ప్రశ్న మాత్రము నేటికిని తరగతిగదులలో చర్చింపదగినదై యున్నది.