రక్తం కనిపించని గాయమే ప్రమాదకరం
ముఖం, ఛాతీకి దెబ్బలు తగిలితే ముందుగా చూడాల్సింది శ్వాసనే

రోడ్డు ప్రమాదం జరిగిన చోట అందరి చూపూ ముఖమంతా రక్తమోడుతున్న క్షతగాత్రుడిపైనే పడుతుంది. ఛాతీ పట్టుకుని పక్కన మౌనంగా కూర్చున్న వ్యక్తిని ఎవరూ పట్టించుకోరు. పైకి చుక్క నెత్తురు లేకున్నా లోపల ఊపిరితిత్తి దెబ్బతింటే కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే 108కు ఫోన్ చేసిన వెంటనే ప్రతి క్షతగాత్రుడి శ్వాసను గమనించాలి.

ముఖానికి గాయమైతే..
ముఖంలో రక్తనాళాలు అధికం కావడంతో చిన్న గాయమైనా రక్తం ఎక్కువగా కారుతుంది. శుభ్రమైన గుడ్డతో అదిమిపడితే చాలావరకు తగ్గుతుంది. అసలు ముప్పు శ్వాసమార్గం మూసుకుపోవడం. కింది దవడ విరిగితే నాలుక వెనక్కి జారుతుంది. రక్తం, ఊడిన పళ్లు గొంతుకు అడ్డుపడతాయి. గురక, గరగర శబ్దం వినిపిస్తే ఆలస్యం చేయరాదు. స్పృహలో ఉంటే ముందుకు వంగి కూర్చోనిచ్చి రక్తాన్ని ఉమ్మివేయనివ్వాలి. స్పృహ లేకుంటే ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

పళ్ల వరుస కలవకపోవడం, చెంప మొద్దుబారడం, ఒకే వస్తువు రెండుగా కనిపించడం ఎముకలు విరిగాయనేందుకు సూచనలు. ముక్కు, చెవుల నుంచి నీటిలాంటి ద్రవం కారితే పుర్రె అడుగుభాగం విరిగినట్లు అనుమానించాలి. అక్కడ దూది కుక్కరాదు. దెబ్బతిన్న కంటిని అదమరాదు. ఊడిన శాశ్వత దంతాన్ని వేరు ముట్టుకోకుండా పాలలో ఉంచి గంటలోపు దంతవైద్యుడి వద్దకు చేరిస్తే తిరిగి అమర్చే అవకాశముంది.

ఛాతీకి దెబ్బ తగిలితే..
స్టీరింగ్, హ్యాండిల్ బలంగా తగిలినప్పుడు పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకోవచ్చు. అప్పుడు గాలి, రక్తం ఛాతీలో చేరి ఊపిరితిత్తిని నొక్కేస్తాయి. నిమిషానికి 30 సార్లకు మించి శ్వాస తీసుకోవడం, పెదవులు నీలం రంగుకు మారడం, మెడ నరాలు ఉబ్బడం, దగ్గులో రక్తం పడటం ప్రమాద సంకేతాలు. ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఛాతీలో కొంతభాగం లోపలికి పోతుంటే వరుస ఎముకలు రెండేసి చోట్ల విరిగినట్లే.

ఛాతీ చుట్టూ బిగుతుగా కట్టు కట్టరాదు. గుచ్చుకున్న ఇనుప చువ్వ, కర్ర వంటివి లాగరాదు. గాలి పీలుస్తున్న గాయాన్ని గట్టిగా మూసివేస్తే లోపలి గాలి బయటకు పోలేక పరిస్థితి విషమిస్తుంది. తాగడానికి నీళ్లు ఇవ్వరాదు. వెన్నెముకకు దెబ్బ తగిలిన అనుమానం లేకుంటే రోగికి సౌకర్యంగా ఉన్నట్లే కూర్చోనివ్వాలి.

ఆసుపత్రిలో పక్కటెముకల మధ్య గొట్టం అమర్చి గాలి, రక్తాన్ని బయటకు తీస్తారు. ఛాతీ గాయాల బాధితుల్లో ఎక్కువమందికి పెద్ద శస్త్రచికిత్స అవసరం రాదు. సకాలంలో చేరడమే ముఖ్యం. తొలి ఎక్స్‌రేలో ఎముకల విరుగుడు కొన్నిసార్లు కనిపించదు. అందువల్ల ఇంటికి వెళ్లాక ఆయాసం, నొప్పి పెరిగితే, ముఖ్యంగా వృద్ధులు, మళ్లీ వైద్యుడిని సంప్రదించాలి.

కేసుల భయంతో క్షతగాత్రులను వదిలి వెళ్లాల్సిన పనిలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పిస్తోంది. పేరు, చిరునామా చెప్పాలని వారిని బలవంతం చేయరాదు.