మందుకు తోడు మీ మాట

‘మందులు వేస్తూనే ఉన్నాం సార్, మళ్లీ ఎందుకొచ్చింది?’ జహీరాబాద్ వైపు నుంచి వచ్చే కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది.

బైపోలార్, స్కిజోఫ్రీనియా జబ్బులకు మందులు తప్పనిసరి. అయితే ఇంట్లో నిత్యం తిట్లు, దెప్పిపొడుపులు ఉంటే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. అందుకే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడతాం. ఇదే ఫ్యామిలీ థెరపీ.

‘సోమరి, నటిస్తున్నాడు’ అనకండి. అది జబ్బు లక్షణం కావచ్చు. లేనిపోని అనుమానాలు చెబితే వాదించకండి. ‘నీకు భయంగా ఉంది కదా, నేనున్నా’ అనండి.

వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర తగ్గినా, మాటలు, ఖర్చులు హఠాత్తుగా పెరిగినా డాక్టరుకు చూపించండి. బాగానే ఉన్నారని మీరే మందులు మాన్పించొద్దు. చనిపోతానంటే ఒంటరిగా వదలొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలి మానస్ 14416కు రాత్రయినా, పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

చూసుకునే భారం అమ్మ ఒక్కరిదే కాదు. అందరూ పంచుకోండి.